మా తాత వరద రాయి, రెండు మడుగులు

నీళ్ళ అడుగున ఉన్న నేలను కళ్ళతో చూడకుండా గీయడం నా వృత్తి. పదిహేడేళ్ళు సముద్రం మీద ఆ పని చేశాను. దీవుల చుట్టూ పగడపు దిబ్బలుంటాయి. నీళ్ళు తేటగా ఉండి లోతు తక్కువైన చోట, ఉపగ్రహం తీసిన బొమ్మలో రంగును బట్టి లోతు పోల్చుకుంటాం. లోతెక్కువైన చోట ఓడ అడుగు నుంచి శబ్దం పంపి, అది నేలకు తగిలి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి లోతు కడతాం. అలాంటి చుక్కలు లక్షలు కలిస్తే ఒక పటం అవుతుంది. ఎక్కడ గట్టు, ఎక్కడ గుంట, ఎక్కడ చదును, ఎక్కడ గరుకు అన్నీ కనిపిస్తాయి. ఈతగాళ్ళు దిగి చేపలు లెక్కపెట్టక ముందే, ఏ మూలన ఎక్కువ రకాలుంటాయో, ఏ మూల ఖాళీగా ఉంటుందో ఆ పటం చూసి చెప్పేదాన్ని. చాలాసార్లు సరిగ్గానే చెప్పాను. గరుకు నేల చేపలకు ఊరు లాంటిది. సందులుంటే కాపురాలుంటాయి. చదును ఇసుక మీద దారిన పోయేవి తప్ప నిలిచేవి తక్కువ.

ఈ విద్య గోదావరికి పనికొస్తుందా అని మత్స్యశాఖ అధికారులు అడిగినప్పుడు పనికొస్తుందని వెంటనే చెప్పాను. గోదావరి నీళ్ళలో ఉపగ్రహానికి ఏమీ కనపడదు, బురద. శబ్దానికి బురదతో పేచీ లేదు. నదిలోనూ రాళ్ళున్నాయి, సందులున్నాయి, వాటిని పట్టుకుని బతికే చేపలున్నాయి. పైగా వాళ్ళు చెప్పిన చోటు భద్రాచలానికి ఎగువన, బస్సులో ముప్పావు గంట దూరంలో, అడవి నదిని తాకే చోట. అక్కడి రేవు మాది. ఒకప్పుడు మాది.

మా తాత ఆ రేవుకు రాతి మెట్లు కట్టించాడు. అక్కడి నుంచి రెండు కోసుల నది మీద చేపల హక్కు మా ఇంటిదే. పడవలవాళ్ళు మొదటి గంప మా గుమ్మంలో దించి, తర్వాతే అమ్మకానికి పోయేవాళ్ళు. మా నాన్న కాలంలో ఒక్కొక్కటీ పోయాయి. హక్కు పోయింది, పొలం పోయింది, చివరికి ఇల్లు పోయింది. ఆ స్థలంలో ఇప్పుడు మిర్చి గోదాం ఉంది. సీజనులో బస్సు దిగగానే ఆ ఘాటు ముక్కుకెక్కుతుంది. మా పెద్దగది ఉన్న చోటికి ఎదురుగా నిలబడి తుమ్మడం నాకిష్టం లేదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, తల వంచకుండా రేవుకు నడిచేదాన్ని. భద్రాచలంలో ఒక లాడ్జిలో కిరాయికి ఉన్నాను. ఆ ఊళ్ళో ఎవరి ఇంట్లోనూ ఉండమన్నా ఉండను.

పని ఇది. వేసవిలో గోదావరి పాయలుగా చీలిపోయినప్పుడు పెద్ద చేపలు మడుగుల్లో తలదాచుకుంటాయి. వానలు పడేదాకా అవి బతికితే, మళ్ళీ నదంతా పిల్లలవుతాయి. అందుకని ఒక మడుగులో మూడు నెలలు వల వేయకుండా మూసి, కాపలా పెట్టాలని అధికారులు అనుకున్నారు. ఒక్క మడుగే. పోటీలో రెండున్నాయి. ఒకటి ఎగువన బండల కింద ఉన్న పైమడుగు. అక్కడ రాళ్ళకు వలలు చిరుగుతాయని ఊరివాళ్ళు పోరు. కానీ ఎక్కడెక్కడి నుంచో మనుషులొచ్చి నీళ్ళలో మందుగుండు తోటాలు పేల్చి చేపలు ఏరుకుపోతారు. రెండోది మా మెట్ల ముందున్న కిందిమడుగు. చదును ఇసుక, వల సాఫీగా జారుతుంది. ఊళ్ళో ఉన్న పన్నెండు పడవలకూ వేసవి తిండి అందులోనే. దాన్ని మూస్తే ఆ పన్నెండు ఇళ్ళకు మూడు నెలలు నది లేనట్టే. ఏది మూయాలో నా పటం చెప్పాలి.

నన్ను తిప్పిన పడవ ఒక పెద్దాయనది. ఆయన తండ్రి మా తాతకు పడవ నడిపాడు. మా నాన్న ఆయన్ని "ఏరా" అనేవాడు. నేను "మీరు" అంటాను. ఆయన మాత్రం నన్ను "దొరసానీ" అనే పిలిచేవాడు. ఇంజను దగ్గర ఆయన కోడలు కూర్చునేది. ఇంటర్ దాకా చదివింది. చేపల లెక్క రాసే పని ఆమెకు అప్పగించాను. ఆ అమ్మాయి నన్ను "మేడం" అనేది. ఆదివారం పొద్దున వాళ్ళు చర్చికి పోతారు కాబట్టి ఆ పూట పడవ లేదు. మిగతా రోజుల్లో ఇంజను వేసే ముందు పెద్దాయన కళ్ళు మూసుకుని రెండు మాటలు ప్రార్థన చేసేవాడు. అందులో నా యంత్రం పేరు కూడా ఉండేది.

"దొరసానీ, గా డబ్బా ఏమంటుంది?" అని అడిగాడు మొదటిరోజే.

"ఇక్కడ రెండు నిలువుల లోతు అంటోంది."

ఆయన వెదురు గెడ దింపి చూశాడు. "నా గెడ గూడ గదే అంటుంది. మరి గీ డబ్బకు బ్యాటరీ ఎందుకు?"

"నీ గెడ రాసుకోదు మామా, గది రాసుకుంటది" అంది కోడలు. తర్వాత గొంతు తగ్గించి, నాకు వినపడదనుకుని, "మేడం కూసుంటే పడవ నడుమ గుంజ పాతినట్టుంది, జర గాలికన్న వంగరు" అంది.

నాకు వినపడింది. వంగలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చలి తగ్గినప్పటి నుంచి నది రోజురోజుకూ దిగుతుంది. కిందిమడుగును మొదటి వారంలో కొలిచాం, పైమడుగును మూడో వారంలో. ఆ మధ్యలో నీళ్ళు చాలా తీశాయి. కాబట్టి రెండు లోతుల్నీ అలాగే పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. కొలిచిన రోజు నీటిమట్టం ఎంతో తెలుసుకుని, వేసవిలో అది ఇంకెంత దిగుతుందో తీసేసి, అప్పుడు మిగిలే లోతు చూడాలి. పైమడుగు దగ్గర ఎత్తిపోతల పంపుహౌసు గోడకు మట్టం కొలిచే పట్టీ ఉంది. కిందిమడుగు దగ్గర ఏదీ లేదు. ఉపగ్రహాల నుంచి ఎత్తు పట్టే పరికరం దిగువన ఇంకో జట్టు దగ్గర ఉందని, పది రోజులు ఆగితే పంపిస్తామని చెప్పారు.

"అవసరం లేదు. అక్కడ మా రాయి ఉంది" అన్నాను.

మా మెట్ల మీద మా తాత ఒక నల్లరాయి పాతించాడు. ఆయన చూసిన పెద్ద వరద ఎంతదాకా వచ్చిందో దాని మీద గీత చెక్కించాడు. ఊరికే చెక్కించి వదలలేదు. సర్వే తెలిసిన మనిషిని పిలిపించి, ఆ గీత ఎత్తు సర్కారువాళ్ళ ఎత్తుగుర్తుతో సరిచూయించి, కాగితం మీద రాయించి సంతకం పెట్టించాడు. ఇల్లు ఖాళీ చేసిన రోజు నేను తెచ్చుకున్నవాటిలో ఆ కాగితం ఒకటి. సముద్రం మీద పనిచేసినన్నాళ్ళూ నా పెట్టెలో ఉంది. కొలత విలువ తెలిసిన ఇంట్లో పుట్టానని దాన్ని చూసినప్పుడల్లా అనుకునేదాన్ని. ఇప్పటికీ అనుకుంటాను.

కొలత మొదలుపెట్టిన రోజు రాయి దగ్గర నిలబడి, గీత నుంచి నీటి అంచుదాకా టేపు దింపాను. పెద్దాయన టేపు కింది కొస పట్టుకున్నాడు. ఏదో చెప్పబోయినట్టు నావైపు చూసి, మళ్ళీ నీళ్ళవైపు తిరిగాడు. నేను అంకె రాసుకున్నాను.

పటం పూర్తయింది. పైమడుగులో గరుకు ఎక్కువ. బండల మధ్య సందులు, అరుగులు, ఎంత బాగా వచ్చాయో చెప్పలేను. కానీ వేసవి చివర మిగిలే లోతు కిందిమడుగుదే ఎక్కువ తేలింది. ఆరడుగుల మనిషి మునిగేంత. ఎండాకాలంలో ముందు నీళ్ళుండాలి, రాళ్ళ సంగతి తర్వాత. కిందిమడుగు మూయాలని రాశాను. మా మెట్ల ముందున్న మడుగు చేపలకు ఆశ్రయం అవుతుందన్న మాట నాకు సంతోషం కలిగించలేదని అంటే అబద్ధం.

అధికారి వచ్చి సంతకాలు పెట్టించుకోవడానికి ఇంకా రెండు రోజులున్నాయనగా, చర్చి పక్క రేకుల షెడ్డులో పడవలవాళ్ళకు పటం చూపించాను. అందరూ చూశారు. పెద్దాయన తుండుగుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుని, "మీరు చెప్పినంక ఇగ మాదేముంది దొరసానీ" అన్నాడు.

వెనక నుంచి కోడలు లేచింది. "మేడం, ఒక్క మాట. గీ పటం తప్పు."

"ఊకో బిడ్డా" అన్నాడు మామ.

"ఎందుకు ఊకోవాలె మామా? ఎండకాలం బట్టల మూట నెత్తిన పెట్టుకొని నేను గా మడుగు దాటుత. కుచ్చిళ్ళు ఎగ్గడితే సాలు. నడుము దాక గూడ రావు నీళ్ళు. గీ పటంల మనిషి మునుగుతడట!"

"నువ్వు తాటిచెట్టంత ఉన్నవు గదక్కా, నీకేం మునుగుతది" అని ఎవరో అన్నారు. షెడ్డంతా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. "ఇది యంత్రం కొలిచిన లోతమ్మా. చీరతో కొలిచింది కాదు" అన్నాను.

"చీర అబద్ధమాడదు మేడం. తడిస్తే తడిసినట్టు, లేకుంటే లేనట్టు." ఆమె ముందుకొచ్చి చేపల లెక్క పుస్తకం నా చేతిలో పెట్టింది. "నేలను బట్టి చేపలు, చేపల్ని బట్టి నేల అని మీరే చెప్పిన్రు. గిది సూడుర్రి. నేనేమన్న తప్పు రాస్తే చెప్పుర్రి."

ఆ సాయంత్రం లాడ్జిలో, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, వెలుతురుండగానే ఆ పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. అంతకుముందు మొత్తాలు మాత్రమే చూశాను. ఏ మడుగులో ఎన్ని రకాలు, ఎన్ని చేపలు, అంతే. రోజువారీగా చూడలేదు. చేతిరాత గుండ్రంగా, శుభ్రంగా ఉంది. మొదటి వారం కిందిమడుగులో వాలుగలు పడ్డాయి. పెద్ద జెల్లలు పడ్డాయి. రెండో వారం రెండే వాలుగలు. మూడో వారం ఒక్కటి కూడా లేదు. ఇసుక మీద తిరిగే చిన్న చేపలే. అదే మూడో వారంలో పైమడుగు అంచున వేసిన గాలాలకు వాలుగలు, జెల్లలు, బొమ్మిడాయిలు వరసగా ఉన్నాయి.

మనిషి మునిగే లోతు నిలిచే మడుగునైతే పెద్ద వాలుగ అంత తొందరగా వదిలిపెట్టదు. రాళ్ళు లేకపోయినా లోతును నమ్ముకుని ఉంటుంది. ఇవి ఖాళీ చేసి పోతున్నాయి. మడుగులో లోతు పోతోందని వాటికి తెలుసు. నేలను చూసి చేపల్ని చెప్పడం పదిహేడేళ్ళుగా నా పని. ఈసారి చేపలు నా నేల తప్పని చెబుతున్నాయి. యంత్రం చెప్పిన లోతు తప్పు కాదు, పెద్దాయన గెడ దానికి సాక్ష్యం. తప్పు ఉంటే నీటిమట్టంలో ఉండాలి. నీటిమట్టం అంటే రాయి.

మర్నాడు మొదటి బస్సుకే పోయాను. రాయి మొదట్లో ఇసుక పేరుకుని ఉంది. పడవ తాళ్ళు రాసుకుని దాని నడుము నున్నగా అయింది. చేత్తోనే ఇసుక తోడాను. మా తాత ఏది కట్టించినా సున్నంతోనే కట్టించాడు. మెట్ల సందుల్లో ఇప్పటికీ ఆ తెల్లదనం ఉంది. రాయి చుట్టూ మాత్రం సిమెంటు తగిలింది. ఇంకా తోడితే ఆ సిమెంటు తడిగా ఉన్నప్పుడు వేలితో గీసిన సిలువ గుర్తు బయటపడింది.

నేను మోకాళ్ళ మీద కూర్చుని ఉండగా వెనక గొంతు వినిపించింది. "లేవుర్రి దొరసానీ, చీర ఖరాబయితది."

లేచాను. "ఈ రాయి ఎవరు పెట్టారు?"

పెద్దాయన తుండుగుడ్డ భుజం మీంచి తీశాడు. "నేనూ మా అయ్యా పెట్టినం."

"ఎప్పుడు?"

"మీరంత ఊరు ఇడిసి పోయినంక వరదొచ్చింది గద. రాయి పాతిన మెట్టు పగిలింది. రాయి బోర్లపడి ఇసుకల కూరుకపోయింది. మా అయ్య మూడొద్దులు ఎతికిండు. దొరగారి గీత నీళ్ళల్ల ఉండొద్దన్నడు. నలుగురం మోసినం. మళ్ళ వరదొస్తే అందకుంట ఉండాలని జర పైకి పెట్టినం."

"ఎన్ని మెట్లు పైకి?"

"నాలుగు."

ఆ మెట్లు పెద్దవి. నాలుగంటే నా భుజమెత్తు. లెక్క అక్కడే నిలబడి వేసుకున్నాను. రాయి పైకి పోయింది కాబట్టి నా టేపు నీటిని అందుకోవడానికి ఎక్కువ దూరం దిగింది. నది బాగా తగ్గి ఉందనుకున్నాను. నిజానికి ఆ రోజు నది నిండుగా ఉంది. నిండు నీళ్ళను తగ్గిన నీళ్ళనుకుని, వేసవికి ఇంకా కొంచెమే దిగుతుందని లెక్క కట్టాను. మనిషి మునిగే లోతులోంచి భుజమెత్తు తీసేస్తే మిగిలేది నడుముకు తక్కువ. చీర కుచ్చిళ్ళు ఎగ్గడితే చాలు.

"నేను టేపు పట్టుకున్న రోజే ఎందుకు చెప్పలేదు?"

"అడగలే గద మీరు." తుండుగుడ్డ మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. "రాయి ముందట గుడిల నిలవడ్డట్టు నిలవడ్డరు. మీ తాతను సూసినట్టే అనిపించింది. గప్పుడు ఎట్ల చెప్పాలె, గీ రాయి జాగ తప్పింది, మిమ్మల్ని అడగకుంటనే మేము తీసి పెట్టినమని? మా అయ్య గూడ పోయేముందు చెప్పిండు, ఎవ్వలతోని అనకుర్రి, దొరలకు తెలిస్తే బాధపడతరని."

"మీ మడుగు పోతోంది కదా. అయినా చెప్పరా?"

"మూడు నెల్లు ఏడనో కూలికి పోతం అనుకున్న. కోడలు ఊకోలే." అప్పుడు కొద్దిగా నవ్వాడు. "అది ఎవ్వల మాటా ఇనది దొరసానీ. వంగదు. మీ తీరే."

అధికారికి ఫోన్ చేశాను. ఆయన మర్యాదస్తుడే, కానీ కాగితాలు టైపయ్యాయి, వచ్చే ఏడు సరిచేసుకుందామన్నాడు. నా సంతకం ఉన్న పటం తప్పని తెలిశాక ఒక్క రోజు కూడా చలామణి కానివ్వనని చెప్పాను. ఎత్తు పట్టే పరికరం వచ్చేదాకా ఎవరూ ఏ మడుగూ మూయకూడదని, అప్పటిదాకా సంతకాలు ఆపాలని రాతపూర్వకంగా పంపాను. పది రోజులు నాకోసం ఆగలేనిదాన్ని, ఇప్పుడు పది రోజులూ వాళ్ళకోసం ఆగాను. పరికరం వచ్చింది. రెండు మడుగుల మట్టాలూ దానితోనే పట్టాం. కోడలు పరికరం కడ్డీని నీటి అంచున నిటారుగా పట్టుకుంది. కడ్డీ నిటారుగా ఉందని చూపే బుడగ ఒక్కసారి కూడా పక్కకు జరగలేదు.

మళ్ళీ అదే షెడ్డులో కూర్చున్నాం. ఈసారి అధికారి కూడా ఉన్నాడు. నేను లేచి నిలబడే చెప్పాను. "మొదటి పటంలో తప్పుంది. అది యంత్రం తప్పు కాదు, ఈ ఊరివాళ్ళ తప్పు కాదు. నాది. మా ఇంటి రాయి కదలదనుకుని దాన్ని పరీక్షించలేదు. దాని సంగతి మిమ్మల్ని అడగనూ లేదు. వేసవిలో కిందిమడుగులో లోతు నిలవదు. పైమడుగులో గరుకూ ఉంది, లోతూ ఉంది. చేపలు ఇప్పటికే అక్కడికి చేరాయి. ఈ అమ్మాయి పుస్తకంలో ఆ లెక్క ఉంది. మూయాల్సింది పైమడుగు. కాపలా పెట్టాల్సింది కూడా అక్కడే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అలాంటివి ఆ ఊళ్ళో లేవు. చివర కూర్చున్న ఒకాయన, "అంటే మా వల మాకేనా?" అని అడిగాడు.

"మీకే" అన్నాను.

"ఇగ కూసోండి మేడం, కాళ్ళు గుంజుతయ్" అంది కోడలు. ఒక ప్లాస్టిక్ కుర్చీని నా వెనక్కి జరిపింది. కూర్చున్నాను. పన్నెండు పడవలవాళ్ళూ వరసగా వచ్చి పైమడుగు కాగితం మీద సంతకాలు పెట్టారు. కాపలా వంతులు కూడా అక్కడే పంచుకున్నారు. తోటాలవాళ్ళు వస్తే ఏంచేయాలో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్పారు. అవి రాయదగ్గవి కావు.

తిరిగి పోయే ముందు పెద్దాయన రేవు దగ్గర ఆపాడు. "దొరసానీ, రాయిని ఎనకటి జాగల పెట్టిస్త. మనుషులున్నరు, ఒక్క పూట పని."

"వద్దు. పడవలు కట్టుకోవడానికి బాగుంది. అక్కడే ఉండనీయండి."

పరికరాన్ని రాతి మీద పెట్టించి, గీత ఇప్పుడున్న ఎత్తు పట్టించాను. పెట్టెలోంచి మా తాత కాగితం తీశాను. దాని వెనక ఖాళీగానే ఉంది. కొత్త ఎత్తు, రాయి జరిగిన సంగతి, జరిపినవాళ్ళ పేర్లు నా చేత్తో రాశాను. కొలిచినవారు అన్న చోట నా సంతకంతో పాటు కోడలి సంతకం, సాక్షి అన్న చోట పెద్దాయన సంతకం తీసుకున్నాను. ఆయన సంతకం పెట్టి, కాగితాన్ని తిప్పి ముందువైపు మా తాత సంతకం కాసేపు చూశాడు.

"గాయన రాత గూడ గిట్లనే నిలువుగ ఉంటుండె" అన్నాడు.

కాగితాన్ని మడిచి పెట్టెలో పెట్టుకున్నాను. ఆ వేసవి నడిమధ్యలో మళ్ళీ పోయినప్పుడు, చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టుకుని కిందిమడుగు దాటి చూశాను. నడుము దాకా రాలేదు.